దఫ్తరులో లేని పతకము

అప్పుపత్రము అప్పిచ్చినవాని చేతిలో నుండుట లోకాచారము. దేశమునకు తన యౌవనమును, ఒక్కొక్కప్పుడు తన ప్రాణమును అప్పుగా నిచ్చిన సైనికుని విషయమున మాత్రము ఈ ఆచారము తలక్రిందులైనది. అతని సేవకు సాక్ష్యమైన పత్రము, ఋణము తీర్పవలసిన సర్కారువారి దఫ్తరులోనే యుండును. అందొక పంక్తి తప్పిపోయినచో, తప్పు వ్రాసినవారు నిశ్చింతగా కూర్చుందురు. ఎవని పేర తప్పు వ్రాయబడెనో వాడే దానిని నిరూపించుటకు కాళ్లరుగ తిరుగవలెను. ఈ వింత న్యాయమును గూర్చి నేడు పాఠకులకు మనవి చేయబూనితిమి.

మల్దకల్లు తిమ్మప్ప జాతరకు వచ్చు జనసమూహములో ఒక వృద్ధుని ఊహించుకొనుడు. 1971 డిసెంబరు 3వ తేదీనుండి 16వ తేదీవరకు పాకిస్తానుతో జరిగిన యుద్ధమున అతడు పశ్చిమపు సరిహద్దున తుపాకి పట్టి నిలిచెను. నాడు పదునెనిమిదేండ్ల పడుచువాడు. నేడు డెబ్బది దాటినవాడు. పెట్టె యడుగున దాచియుంచిన డిశ్చార్జి బుక్కును మనుమడు తీసి చదువును. పతకములని యున్నచోట సైన్యసేవా మెడలు కలదు. పశ్చిమీ స్టారు లేదు. "తాతా, నీవు యుద్ధమునకు పోలేదా?" అని ఆ బాలుడడుగును. వృద్ధుడేమని బదులు చెప్పగలడు? ఈ వృద్ధుడు మా కల్పన. అతని బుక్కులోని లోపము వంటిది మాత్రము కల్పన కాదు. అది యెట్లు కలుగునో వివరింతుము.

సిపాయి కొలువులో జరుగు ప్రతి మార్పును, సెలవు, బదిలీ, గాయము, వివాహము, పతకము, అన్నిటిని అతని పటాలమువారు పార్టు టూ ఆర్డరను ప్రకటనగా వెలువరించి రికార్డు ఆఫీసునకు పంపవలెను. ఆ ఆఫీసువారు దానినిబట్టి షీటు రోలులో పద్దు వ్రాయుదురు. విడుదలనాడు ఆ పద్దులే డిశ్చార్జి బుక్కున కెక్కును. ఈ గొలుసులో ఒక్క కొక్కెము ఊడిన చాలును, పతకము మాయమగును. గాయపడిన సిపాయి ఆసుపత్రికి పోయి, కోలుకొనిన పిమ్మట వేరొక పటాలమునకు బదిలీయగును. పాత పటాలమువారు క్రొత్తవారు వ్రాయుదురనుకొందురు, క్రొత్తవారు పాతవారే వ్రాసిరనుకొందురు. యుద్ధమున పటాలములు నిలిచినచోట నిలువవు. కాగితములు వానివెంట సకాలమున పరుగిడవు.

దీనికి తోడు మన పేర్ల చిక్కొకటి. మనకు ఇంటిపేరు ముందు, స్వంతపేరు వెనుక. దేశమున పెక్కుచోట్ల ఆచారము దీనికి విపరీతము. ఇంటిపేరునే పిలుచు పేరనుకొని పరరాష్ట్రపు గుమాస్తా పద్దు వ్రాయును. వెంకటయ్య యను నొక్క పేరును ఇంగ్లీషు లిపిలో నాలుగు విధముల వ్రాయవచ్చును. పతకపు పట్టికలో నొక విధముగను, షీటు రోలులో మరియొక విధముగను పడినచో, ఒక్క మనిషి దఫ్తరు దృష్టిలో ఇద్దరగును. ఒకనికి పతకమున్నది, రెండవవానికి లేదు.

మన సీమవారికి మరియొక చిక్కు కూడ కలదు. బ్రిటిషువారి సైన్యమున 19వ హైదరాబాదు రెజిమెంటని యొకటి యుండెను. పేరు మనదే గాని, చివరినాళ్లలో అందు ముఖ్యముగా కుమావూనీలు, అహీరులు, జాట్లు మొదలగు ఉత్తరాదివారు చేరుచుండిరి. 1945లో దానికి కుమావూను రెజిమెంటని పేరు మారినది. నిజాము స్వంత సంస్థాన సైన్యము వేరు. ఆ సంస్థాన సైన్యములోని ఒకటవ హైదరాబాదు పదాతిదళము 1941 డిసెంబరులో జపానువారు మలయాలోని కోటబారు తీరమున దిగినపుడు అచ్చట కావలియుండెను. 1948 సెప్టెంబరున హైదరాబాదు భారతదేశమున కలిసిన పిదప ఆ సంస్థాన సైన్యము అంతరించినది. తమ తాత "హైదరాబాదు పటాలమున" పనిచేసెనని మాత్రమే ఎరిగిన కుటుంబమువారు, ఒకదానికి బదులు మరియొకదానికి అర్జీ వ్రాసినచో "అట్టివాడెవడును లేడు" అను జవాబే వచ్చును. తాత లేకపోలేదు, వెదకినచోటు వేరు.

ఒక వెండి బిళ్లకై ఇంత చర్చ యేల యని కొందరనవచ్చును. శౌర్యపతకములతో నెలసరి భృతి ముడిపడియున్నది. 2017 ఆగస్టు 1వ తేదీనుండి పరమవీరచక్రమునకు నెలకు రూ. 20,000, మహావీరచక్రమునకు రూ. 10,000, వీరచక్రమునకు రూ. 7,000, శౌర్యమునకై యొసగు సేనా మెడలునకు రూ. 2,000 చొప్పున కేంద్రప్రభుత్వమువారు నిర్ణయించిరి. యుద్ధసేవా పతకములకు ఇట్టి భృతి లేదు. అయినను, గాయము రణరంగమున తగిలినదా, మరియొకచోట తగిలినదా యను ప్రశ్న పింఛను విషయమున పుట్టినపుడు, ఆ పతకపు పద్దు సాక్షియై నిలుచును. ధనమునకు మించినది పరువు. ఊరిలో నలుగురి నడుమ "నేనచ్చట నుంటిని" అని చెప్పుకొను హక్కును గుమాస్తా మరపు హరింపరాదు.

ఇచ్చట పాఠకులొక భేదమును గుర్తింపవలెను. శౌర్యపతకము సిఫారసువలన వచ్చును. చూచినవాడు వ్రాయవలెను, పైవారు ఒప్పుకొనవలెను. 1965 నాటి సమరసేవా స్టారు, 1971 నాటి పూర్వీ స్టారు, పశ్చిమీ స్టారు వంటివి అట్టివి కావు. నిర్ణీతప్రదేశమున నిర్ణీతకాలమున సేవచేసినవారికెల్ల అవి హక్కుగా చెందును. హక్కుగా చెందిన దానికి అర్జీ యేల? పటాలమెచ్చట నుండెనో దాని యుద్ధదినచర్య చెప్పును. సిపాయి ఆనాడు పటాలమున నుండెనో లేదో పట్టిక చెప్పును. రెండు కాగితములును సర్కారువారి యధీనములోనివే. ఆ రెంటిని సరిపోల్చు పనిని డెబ్బదేండ్లవాని నెత్తిన మోపుట న్యాయమా?

శౌర్యపతకముల విషయమున సయితము సత్యము ఆలస్యముగా వెలువడవచ్చునని మన చరిత్రయే చాటుచున్నది. 1965 సెప్టెంబరు 7వ తేదీన మన వైమానికులు పాకిస్తానులోని సర్గోధా స్థావరముపై దాడి వెడలిరి. అందొకడు కొడగు వీరుడు స్క్వాడ్రన్ లీడరు అజ్జమాడ బోపయ్య దేవయ్య. అతడు తిరిగి రాలేదు. మన దఫ్తరులో "కనబడుట లేదు" అని వ్రాసికొనిరి. తన విమానము దెబ్బతినినను, తనకంటె మేలైన శత్రువిమానమును అతడు కూల్చెనను సంగతి మనవారికి చిరకాలము తెలియదు. 1979లో ఒక ఆంగ్లేయ రచయిత పాకిస్తాను పక్షమున వ్రాసిన గ్రంథమువలన అది బయటపడెను. నాడు ఆ దాడికి నాయకుడైన తనేజా పట్టువిడువక పైవారికి వ్రాసెను. 1988లో, అనగా 23 సంవత్సరముల పిదప, దేవయ్యకు మహావీరచక్రము ప్రసాదింపబడెను. పతకమును ఆతని భార్య అందుకొనెను. సర్కారువారు పాతపద్దును దిద్దుటకు సిగ్గుపడలేదు. అందులకు వారిని కొనియాడుచున్నాము. కాని దేవయ్యకు గ్రంథమొకటి సాక్షియయ్యెను, నాయకుడొకడు వకీలయ్యెను. పల్లెనుండి పోయిన సిపాయికి ఏ గ్రంథము సాక్షి? ఎవడు వకీలు?

అమెరికావారి యుదాహరణము గమనింపదగినది. రెండవ ప్రపంచయుద్ధమున వారి సైన్యములోని నల్లజాతివారిలో ఒక్కరికైనను వారి అత్యున్నత పతకము నాడు దక్కలేదు. పిదప వారి సైన్యమువారే పాతకాగితములను పరిశోధింపించి, 1997 జనవరిలో ఏడుగురికి ఆ పతకమును ప్రకటించిరి. అప్పటికి జీవించియున్నవాడు వెర్నన్ బేకరొక్కడే. ఇటలీలో 1945 ఏప్రిలున చేసిన సాహసమునకు అతడు 50 ఏండ్లకు పైగా వేచియుండెను. తక్కిన ఆరుగురు వేచియుండజాలకపోయిరి. సైనికుల పద్దులలోని తప్పులు దిద్దుటకై ఆ దేశమున 1946 నాటి చట్టమునుబట్టి ప్రత్యేక మండలులు కూడ ఏర్పడినవి. మనకు 2007 నాటి చట్టమునుబట్టి సాయుధదళముల ట్రిబ్యునలు ఏర్పడి, 2009నుండి పనిచేయుచున్నది. అది మేలే. కాని అది న్యాయస్థానము. సైనికుడందు వాదిగా నిలిచి, తాను సేవించిన సర్కారునే ప్రతివాదిని చేయవలెను. తప్పిన పంక్తిని దిద్దుటకు వ్యాజ్యము తుదిమార్గము కావలెను గాని మొదటిమార్గము కారాదు.

దొంగపతకములు ధరించువారు కలరనియు, వయసు మళ్లినవారి మాటలను నమ్మి పద్దులు మార్చినచో దఫ్తరునకు విలువ యుండదనియు అధికారులు పలుకవచ్చును. ఈ మాటలో సత్యము లేకపోలేదు. దొంగపతకము నిజమైన వీరుని సొమ్మును దోచినట్టిదే. కాబట్టి మాటను నమ్ముడని మేము కోరుట లేదు. కాగితమును చూడుడని కోరుచున్నాము. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. పింఛను లేకయే విడుదలయైన సిపాయిల కాగితములను 25 ఏండ్లుంచి పిదప నాశనము చేయుట సైన్యపు నిబంధన. లెక్కపుస్తకమును తామే తగులబెట్టి, రసీదు చూపుమని ఎదుటివానిని అడుగుట ఏ వర్తకధర్మము? తగులబెట్టుటకు పూర్వము ఆ పద్దులను పటాలపు దినచర్యతో సరిచూచి, లోపమున్నచో తామే దిద్దవలెను. కాగితము లిదివరకే నశించినచోట, పటాలపు చరిత్రయు, తోడి సైనికుల ప్రమాణపత్రములును చాలునని అంగీకరింపవలెను. జీవించియున్న ప్రతి మాజీ సైనికునికి అతని పద్దుల నకలు తెలుగున వ్రాసి యింటికి పంపవలెను. కాదన్నచో, కారణము వ్రాతమూలమున తెలుపవలెను. ఇంతకుమించి మేము కోరునది లేదు.

సర్కారువారు మేల్కొనువరకు మనము నిద్రింపవలెనా? మన పట్టణములలో పఠనమందిరములు కలవు. ఇంగ్లీషు అర్జీ వ్రాయగల యువకులు కలరు. మద్రాసు రెజిమెంటు రికార్డులు వెల్లింగ్టనులోను, మద్రాసు సాపర్లవి బెంగుళూరులోను, ఫిరంగిదళమువి నాసికులోను కలవు. తన పద్దుల నకలును 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద ఎవడైనను అడుగవచ్చును. 30 దినములలో జవాబీయవలెను. అర్జీలో సైనికసంఖ్యయే ప్రాణము. పేరు తప్పిపోవచ్చును, సంఖ్య సాధారణముగా తప్పదు. జిల్లా సైనికసంక్షేమ కార్యాలయమువారి మూలమున అర్జీ పంపుట మేలు. తిమ్మప్ప జాతరనాడు పరదేశములనున్న బిడ్డలందరు ఊరు చేరుదురు. ఆనాడొక బల్ల వేసి, మల్దకల్లు, గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతముల మాజీ సైనికుల పేరు, సంఖ్య, పటాలము, సేవచేసిన చోట్లు వ్రాసికొనుట ఎంత పని?

ఇట్టి పని మన సీమకు క్రొత్త కాదు. తెలంగాణమున కవులు లేరను నిందకు, గద్వాల ప్రాంతమున జనించిన సురవరము ప్రతాపరెడ్డిగారు వాదములతో సరిపెట్టలేదు. 354 మంది కవుల పేర్లను ఊరూర సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికగా అచ్చొత్తించి చూపిరి. నింద నోరు మూతపడెను. పంజాబున మొదటి ప్రపంచయుద్ధమునకు పోయినవారి పేర్లను గ్రామములవారీగా వ్రాసిన పుస్తకములు లాహోరు మ్యూజియమున పడియుండెను. 2021లో సుమారు 3,20,000 పేర్లతో అవి వెలుగులోనికి వచ్చినవి. ఎందరో మనుమలకు తమ ముత్తాతల పేర్లు దొరకినవి. పంజాబునకు సాధ్యమైనది పాలమూరునకు అసాధ్యమా?

ఒకనాడు ఉత్తరహిందూస్థానమున సిపాయిని "తిలంగా" యని పిలుచుచుండిరి. పరదేశీయుల కవాతును మొదట నేర్చినవారిలో తెలుగువారుండుటచే ఆ పేరు వచ్చినది. 1857లో ఢిల్లీనగరమున తిరుగుబాటు సైనికులను ఆ పేరనే పిలిచిరి. వారిలో తెలుగువారున్నను లేకున్నను సిపాయికి మన దేశపు పేరే నిలిచినది. దేశపు సిపాయికెల్ల తన పేరునిచ్చిన నేల, తన సిపాయి పేరును దఫ్తరులో సరిగా వ్రాయించుకొనలేకుండుట మనకు తలవంపు. 1965 నాటివారు వేగముగా తరలిపోవుచున్నారు. 1971 నాటివారు వారి వెనుకనే యున్నారు. పతకమును రొమ్మున ధరించుట వేరు, పాడెపై నుంచుట వేరు. పాఠకులారా, ఈ వారమే మీ వీధిలోని ముసలి సిపాయి యింటికి పోయి, అతని డిశ్చార్జి బుక్కు నొకమారు తెరచి చూడుడు.