ఎలుకకు లెక్క ఉంది, బావికి లేదు

కొత్త మందు మనిషి నోటిదాకా రావాలంటే ముందు ఎలుకలో కుక్కలో దాన్ని మింగి చూపించాలి. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, కాలేయం ఏమైంది, గర్భం నిలిచిందా, అన్నిటికీ రాతకోతలే. 2023లో కేంద్రం నిబంధనలు సవరించి, జంతువుల బదులు కణాలతో, కంప్యూటర్ నమూనాలతో చేసే పరీక్షలకూ తలుపు తీసింది. మంచిదే, ఆ మూగజీవాల ఉసురు కొంతైనా తప్పుతుంది. మరి అదే మందు తయారయ్యే చోట నేలలోకి ఇంకేదాని సంగతి? అనకాపల్లి జిల్లా పరవాడ ఫార్మాసిటీని ఆనుకునే ఉన్న తాడి జనం, నీళ్లూ గాలీ పాడయ్యాయి, ఊరిని తరలించండి మహాప్రభో అని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు మనకు తెలియని కథా? అక్కడి మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం వదిలిన నీటిలో (శుద్ధి చేశాకే సుమా!) లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ల్యాబులో ఎలుకకు మందు కొలిచి పోస్తారు. బావిలోకి నాలుగైదు రసాయనాలు కలిసి దిగితే, ఆ నీళ్లు ముప్పై ఏళ్లు తాగిన మనిషికి ఏమవుతుందో ఆ మందు ఫైలులో వెతికినా దొరకదు. మామూలు నీటి పరీక్షలతో సరిపెట్టకుండా, కాలుష్య నియంత్రణ మండలి మందుల ఫ్యాక్టరీల చుట్టుపక్కల బోర్లలో మందుల అవశేషాలనూ కొలవాలి. కొలిచి, ఆ అంకెలను తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.