మనవాడే కదా.. అంటే సరిపోదు!

శని, ఆదివారాలు వచ్చాయంటే బ్రిటన్‌లో మన తెలుగువాళ్లు చాలామంది పిల్లల్ని వెంటబెట్టుకుని క్రికెట్, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ అంటూ క్లబ్బులకు పరుగులు తీస్తారు. కొందరు చూస్తూ ఊరుకోరు. బంతులు అందిస్తారు, స్కోరు రాస్తారు, మెల్లగా కోచ్‌కి సాయంగా దిగుతారు. మంచిదే. అయితే క్లబ్బు వాళ్లు ‘డీబీఎస్ చెక్ చేయించుకోండి’ అనగానే చాలామందికి మనసు చివుక్కుమంటుంది. ‘ఊరికే సేవ చేస్తానంటే నా నేరచరిత్ర అడుగుతారా? నేనేమన్నా దొంగనా?’ అని చిన్నబుచ్చుకుంటారు.

ఇందులో అవమానం ఏమీ లేదు. ఇక్కడే పుట్టి పెరిగిన ఇంగ్లిషాయనకైనా, నిన్నగాక మొన్న దిగిన మనకైనా ఒకటే రూలు. ఆ రూలు వెనుక పసిపిల్లల ప్రాణాలున్నాయి.

2002 ఆగస్టులో కేంబ్రిడ్జ్‌షైర్‌లోని సోహమ్‌లో హోలీ వెల్స్, జెస్సికా చాప్‌మన్ అనే పదేళ్ల పాపలను ఇయాన్ హంట్లీ చంపేశాడు. వాడు అక్కడి స్కూల్లో కేర్‌టేకర్. అంతకుముందే వేరే ప్రాంతం పోలీసుల దగ్గరికి వాడిపై లైంగిక ఆరోపణలు వెళ్లాయి. ఉద్యోగం ఇచ్చేటప్పుడు అవేవీ బయటపడలేదు. బిచర్డ్ విచారణ నివేదిక 2004లో, కొత్త చట్టం 2006లో వచ్చాయి. పాత సంస్థలు రెండు కలిసి 2012 డిసెంబరులో డీబీఎస్ అయింది. ఇది ఇంగ్లండ్, వేల్స్‌ల సంగతి. స్కాట్లండ్‌లో పీవీజీ, ఉత్తర ఐర్లండ్‌లో యాక్సెస్ ఎన్ఐ ఉన్నాయి.

పని కష్టమేం కాదు. దరఖాస్తు క్లబ్బే పంపాలి. వలంటీర్లకు డీబీఎస్ ఫీజు లేదు. సర్టిఫికెట్ మన ఇంటికే వస్తుంది. ఎప్పుడో ఒకసారి సాయం పట్టే తల్లిదండ్రులకు సాధారణంగా ఈ బెడద ఉండదు. వారం వారం పిల్లలకు శిక్షణ ఇచ్చేవాళ్లకే ఇది ముఖ్యం. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కేర్‌హోమ్‌లో ఉద్యోగానికి చేయించుకున్న చెక్ పెద్దవాళ్లతో పనికి సంబంధించింది. పిల్లల దగ్గర పనికి మళ్లీ వేరే చేయించాలి.

అసలు చిక్కు మన సొంత సంఘాల్లో ఉంది. ఆదివారం పిల్లలకు క్రికెట్ నేర్పుతానని ఒకాయన ముందుకొస్తే ‘మా జిల్లా వాడే, మనవాడే’ అని పిల్లల్ని అప్పగించేస్తాం. కాగితం అడగడానికి మొహమాటం. పైగా మనింట్లో పిల్లలకు ప్రతి పెద్దమనిషీ ‘అంకులే’. అంకుల్‌కి ఎదురు మాట్లాడకూడదని మనమే నేర్పుతాం. అలాంటి పిల్లవాడు రేపు ఆ అంకుల్ మీదే ఫిర్యాదు ఎలా చేస్తాడు? చేసినా మనం నమ్ముతామా? ఇంకోటి. మన దేశంలోని పోలీసు రికార్డులు డీబీఎస్‌కు కనిపించవు. అందుకే కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర ఇండియా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడగడం న్యాయం.

అలాగని కాగితం ఉంది కదా అని నిశ్చింతగా నిద్రపోకూడదు. దొరికిన దొంగల లెక్కే అందులో ఉంటుంది, దొరకనివాళ్లది ఉండదు. మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఆండీ వుడ్‌వర్డ్ చిన్నప్పుడు తనపై జరిగిన అఘాయిత్యం గురించి 2016లో నోరు విప్పాడు. ఆయన తర్వాత ఎందరో బయటికొచ్చారు. కోచ్ బ్యారీ బెన్నెల్‌కు 2018లో 30 ఏళ్ల జైలు పడింది. ఆ కోచ్ ఏళ్ల తరబడి పిల్లల తల్లిదండ్రుల నమ్మకాన్నే ఆసరా చేసుకున్నాడు. మొదటిసారి పట్టుబడేదాకా అతని రికార్డులో మచ్చే లేదు!

కాబట్టి చెక్‌తో పాటు నాలుగు కట్టుబాట్లు ఉండాలి. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. ఒక్క పిల్లవాణ్ణి ఒంటరిగా కారులో తీసుకెళ్లకూడదు. పిల్లలకు విడిగా వాట్సాప్ మెసేజీలు పంపకూడదు. ఎవరికి చెప్పుకోవాలో పిల్లలకు తెలిసుండాలి. చైల్డ్‌లైన్ నంబరు 0800 1111 ప్రతి బిడ్డకూ నోటికి రావాలి.

నమ్మకం వద్దని ఎవరూ అనడం లేదు. మనింటికి తాళం వేస్తే పక్కింటాయన్ని దొంగ అన్నట్టా? ఇదీ అంతే. మీ సంఘం తర్వాతి మీటింగులో దసరా భోజనాల లెక్క కంటే ముందు ఈ మాట ఎత్తండి. మొదటి దరఖాస్తు అధ్యక్షుల వారే నింపితే మిగతావాళ్లకు మొహమాటం దానంతటదే పోతుంది.