వడ్డీ తప్పించుకోబోయి...

హైదరాబాద్ పడమటి శివార్లలో ముప్పై, నలభై అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. ‘ప్రీ లాంచ్’ పేరిట, పునాదికి ముందే మొత్తం సొమ్ము చెల్లిస్తే ధర తగ్గిస్తామంటున్నారు కొందరు బిల్డర్లు. వారికది వడ్డీ లేని పెట్టుబడి. బ్యాంకు వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మన కుటుంబాలకు ఈ బేరం ముచ్చటగా కనిపిస్తుంది. అయితే అప్పిచ్చే బ్యాంకు ముందుగా పత్రాలు పరిశీలిస్తుంది. అప్పు లేకుండా కొనే మనం ఆ పని మనమే చేసుకోవాలి.

2016 నాటి రెరా చట్టం ప్రకారం, రిజిస్టరు కాని ప్రాజెక్టులో ఫ్లాట్లు అమ్మరాదు. ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. వసూలైన సొమ్ములో 70 శాతం స్థలానికి, నిర్మాణానికే వాడేలా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి.

వడ్డీని నిషేధించిన ఇస్లామే ‘గరర్’ను, అంటే అనిశ్చిత బేరాన్ని కూడా నిషేధించింది. ఒకటి తప్పించుకోబోయి మరొకదానిలో పడరాదు. రెరా నంబరు సరిచూసుకోనిదే మనం పైసా ఇవ్వవద్దు.