గృహిణి లెక్కల పుస్తకము: ఋణదాతల సభకుఁ బోవుట

"ఫలానావాఁడు ఐ.పి. పెట్టినాఁడు" అన్న మాట వీథిలోఁ బుట్టినంతనే, వానికి సొమ్మిచ్చిన ప్రతి యింటను గుండె జల్లుమనును. మగవారు వకీలు నింటికిఁ బరుగెత్తుదురు. చీరకొంగున ముడివేసి కూడఁబెట్టిన సొమ్మును వడ్డి కిచ్చిన యాఁడువారు మాత్రము లోలోపలఁ గుమిలి యూరకుందురు. "పోయినది పోయినది, కోర్టునకుఁ బోయి మఱికొంత పోఁగొట్టుకొనుట యెందులకు?" అని తమకుఁ దామే చెప్పుకొందురు. నేనును మొదట నట్లే యనుకొంటిని. అది తప్పని యనుభవమునఁ దెలిసికొన్నదానను గావున, ఈ మాసమునఁ బప్పు బియ్యముల లెక్కను బ్రక్కకుఁ బెట్టి యీ లెక్కను సోదరీమణుల ముందుంచుచున్నాను.

మా వీథిలో నొక బట్టల వర్తకుఁ డుండెను. ఇరువది యేండ్ల పరిచయము. అతని భార్య నన్ను "అక్కయ్యా" యని నోరార పిలుచును. మా యమ్మాయి పై చదువునకై కూర్చిన 1,60,000 రూపాయలు 2016లో నా పేర నతనికిఁ బ్రామిసరీ నోటుపై నిచ్చితిమి. రెండేండ్లు వడ్డి తప్పలేదు. 2018లో నొకనాఁ డుదయము కోర్టు నోటీసు వచ్చినది. ఋణదాతలు ముప్పది యొక్కరు. అందు నా పేరు పందొమ్మిదవది. ఒక ప్లీడరుగారి నడుగఁగా వారు చెప్పిన ఫీజు మాకు భారముగాఁ దోఁచెను. మావారికి బడిలోఁ బరీక్షల కాలము. "నోటు నీ పేరిటిది, నీవే పోయిరమ్ము. అడుగవలసినది కాగితముపై వ్రాసికొనిపొమ్ము" అనిరి.

ఐ.పి. పెట్టినంతమాత్రమున నప్పు రద్దగునని మనలోఁ బెక్కుమంది నమ్మిక. అది నిజము కాదు. ఐ.పి. యనఁగా దివాలా దరఖాస్తు మాత్రమే. అది 1920 నాఁటి చట్టము ప్రకారము నడచును. 2016లోఁ గ్రొత్త దివాలా కోడు వచ్చినను, అందు వ్యక్తులకు సంబంధించిన భాగమును 2019 డిసెంబరునుండి కంపెనీల యప్పులకు హామీ యున్నవారికి మాత్రమే యమలుపఱచిరి. మన వీథి వర్తకునికిఁ బాత చట్టమే. దాని ప్రకారము ఋణస్థుఁడు తన యప్పులన్నింటిని, ఆస్తు లన్నింటిని దరఖాస్తులో వ్రాయవలెను. కోర్టు విచారించి యతనిని దివాలాదారుగాఁ దీర్మానించిన పిమ్మట, జప్తునకు లోఁబడని కొన్ని వస్తువులు దక్క నతని యాస్తి యంతయుఁ గోర్టునకో, రిసీవరునకో చెందును. అప్పటినుండి కోర్టు ననుమతి లేక యే ఋణదాతయు వేఱుగా దావా వేయరాదు. అప్పులనుండి విడుదల యనునది తరువాత వేఱుగా నడిగి పొందవలసినది. అడిగిన ప్రతివానికిని దొరకునది కాదు.

మొదటి విచారణనాఁడు ఋణస్థుని నడత గూర్చియు, లావాదేవీల గూర్చియు, ఆస్తి గూర్చియుఁ గోర్టు ప్రశ్నించును. వచ్చిన ఋణదాతలకుఁ గూడ నతనిని బ్రశ్నించు హక్కు కలదు. ఇందుకు వకీలే యుండవలెనని లేదు. నేను దరఖాస్తు నకలు ముందుగానే తెప్పించుకొని చదివితిని. ఆస్తుల పట్టికలో దుకాణమునందలి సరకు, పాత స్కూటరు, ఇంటిలో నాల్గవ వాటా యుండెను. ఊరి చివరనున్న యిండ్ల స్థలము మాత్రము లేదు. ఆ స్థలమునకు శంకుస్థాపన చేసిననాఁడు పసుపు కుంకుమలు పుచ్చుకొన్నదానను నేనే!

నా పేరు పిలువఁగా లేచితిని. కాళ్లు వణఁకినవి. వెనుక బెంచిమీఁద నతని భార్య కూర్చుండి నావైపే చూచుచుండెను. నిండుసభలో నొక ప్రశ్న యడిగి భీష్మునంతవానిని నిరుత్తరుని జేసిన ద్రౌపది జ్ఞప్తికి వచ్చినది. ఆమె కోరినది దయ కాదు, ధర్మనిర్ణయము. నేనును వ్రాసికొనిన యొక్క ప్రశ్ననే చదివితిని: "ఊరి చివర స్థల మిప్పుడెవరి పేర నున్నది? ఎప్పుడు మాఱినది?" ఆయన తల వంచుకొని, దరఖాస్తునకు నెనిమిది నెలల ముందు బావమఱఁది పేర దానపత్రము వ్రాసితిననెను. న్యాయాధిపతి దానిని వ్రాసికొనిరి. దరఖాస్తునకు ముందు రెండేండ్లలోఁ దగిన ప్రతిఫలము లేక యిచ్చిన యాస్తిని రిసీవరు కోరినచోఁ గోర్టు రద్దు చేయవచ్చును. బయటికి వచ్చునపుడు ఆమె "నీవా యక్కయ్యా!" యన్నది. నాకు మాట రాలేదు.

తరువాతి పని ఋణమును ఋజువు పఱచుట. పట్టికలో మన పేరున్నదని యూరకుండరాదు. ఎంత యిచ్చితిమో, ఎప్పు డిచ్చితిమో, ఎంత ముట్టెనో లెక్క చూపి, నోటు మున్నగు నాధారములను బేర్కొని యఫిడవిట్టు వ్రాయించి కోర్టులో నీయవలెను. లేదా రిజిస్టరు పోస్టులోఁ బంపవచ్చును. వంటయిల్లు విడువలేని వారికిఁ జట్ట మిచ్చిన యీ సౌకర్యమును ముప్పది యొక్కరిలో నిరువదిమందియే వినియోగించుకొనిరి. తక్కినవారు నిరాశచేతనో, బిడియముచేతనో యూరకుండిరి.

2020 ఆరంభమున ఋణస్థుఁడు రాజీ ప్రతిపాదన తెచ్చెను. రూపాయికి మూఁడణాలు! నేఁడు మన చేతిలో నణాలు లేకున్నను, ఆ చట్టములో నణాలే నిలిచియున్నవి. వకీళ్లును వర్తకులును నా లెక్కనే చెప్పుకొందురు. మూఁడణాల చొప్పున నాకు వచ్చునది 30,000. దీనిని విచారించుటకుఁ గోర్టు దినము నిర్ణయించి, ఋణము ఋజువు చేసినవారికి నోటీసులు పంపినది. ఋణదాతల సభ యనఁగా నిదియే. ఇందలి సూత్రమును సోదరీమణులు చక్కఁగా గ్రహింపవలెను. ఋణము ఋజువు చేసి, ఆనాఁడు స్వయముగాఁ గాని వకీలు ద్వారా గాని హాజరైనవారినే లెక్కింతురు. వారిలో సంఖ్యచే సగమునకు మించినవారును, ఋణపు మొత్తముచే ముప్పాతికపాళ్లవారును సమ్మతించిన నది యంగీకృతమైనట్లే. కోర్టుకూడ నామోదించిన పిమ్మట నది పట్టికలోని వారందఱిని గట్టివేయును. రానివారు "మేము లే"మని తప్పించుకొనలేరు.

సభకు ముందురాత్రి బావమఱఁది మా యింటికి వచ్చి, "అమ్మగారూ, మీరు రేపు సరే ననుఁడు. మీకు వేఱుగా నలువదివేలు ముట్టఁజెప్పెదను" అనెను. అబద్ధ మాడనేల, క్షణకాలము మనసు చలించినది. అమ్మాయి ఫీజు కట్టవలసిన నెల యది. కాని నాతోఁ బాటు సొమ్మిచ్చిన పాలమ్ముకొను ముసలమ్మ, కుట్టుపనితో బ్రదుకు వితంతువు కన్నులఁ గట్టిరి. వారి వాటాను గోసి నాకిచ్చు సొమ్మది. "రేపు కోర్టులో నందఱియెదుట చెప్పుము నాయనా" అంటిని. మోసముచేఁ బొందిన రాజీని కోర్టు తరువాతనైనను రద్దు చేయఁగలదని యా పిమ్మటఁ దెలిసికొంటిని.

మఱునాఁడు మే మాఁడువారము నలుగురము కలిసి బస్సెక్కితిమి. ఆనాఁడు హాజరైనది పదునలుగురు. మా మొత్తము ఋణము 22 లక్షలు. అందు ముప్పాతిక 16 లక్షల యేఁబదివేలు. ఒప్పుకొన్నవారు తొమ్మండుగురు, సంఖ్యకుఁ జాలిరి. కాని వారి ఋణము 15 లక్షలే. ఒప్పుకొననివార మైదుగురము, మాతోఁ బాటొక ముసలి వర్తకుఁడు. మే మింటఁ గూర్చుండియున్నచో మూఁడణాల రాజీ నిరాటంకముగా నెగ్గియుండెడిది.

స్థలపు వ్యవహారము విడువఁబడదని తెలిసిన తరువాత బావమఱఁది దాని నమ్మి సొమ్ము రాజీలోఁ గలుపుట కొప్పుకొనెను. రెండవ ప్రతిపాదన రూపాయికి నేడణాలు. అందఱము సమ్మతించితిమి. 2021 లోపల రెండు వాయిదాలలో నాకు 70,000 ముట్టినవి. తొంబదివేలు పోయినవి, పాలమ్మకుఁ గూడ నామె పాలు వచ్చినది. ఆ వర్తకుఁ డిప్పు డన్యుని దుకాణమున గుమాస్తాగా నున్నాఁడు. అతని భార్య యేడాది మాటాడలేదు. తరువాత నొక సంక్రాంతినాఁడు తానే వచ్చి బొట్టు పెట్టి, "నీ వడుగకున్న నా స్థలము మా తమ్మునికే పోయెడిది, మాయన పేరు వీథిలో నిలిచెడిది కాదు" అన్నది.

కావున సోదరీమణులారా, అట్టి నోటీసు వచ్చిన నేడ్చుచుఁ గూర్చుండకుఁడు. దరఖాస్తు నకలు తెప్పించి యాస్తుల పట్టికను మీ కన్నులతోఁ జదువుఁడు. నోటునకు మూఁడేండ్ల గడువున్నదని మఱవకుఁడు. తెల్లకాగితముపై సంతకము చేయకుఁడు. ఇరుగుపొరుగు ఋణదాతలతోఁ గలిసి పొండు. ధైర్యము చాలదేని, న్యాయసేవల చట్టము 1987 ప్రకారము స్త్రీలకు వరుమానముతో నిమిత్తము లేక యుచితముగా వకీలు సహాయము దొరకును. 15100 అను ఫోనునకుఁ జెప్పిన దారి చూపుదురు. సొమ్మిచ్చునాఁడు మొగమాటమునకు లొంగితిమి. అడుగునాఁడును లొంగిన, నష్టము మన యొక్కరితో నాఁగదు.