లైనక్స్ కమాండ్లు రికార్డులో రాయడానికేనా?

కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో సీఎస్‌ఈ చదివిన వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో యునిక్స్ కమాండ్లు చూసే ఉంటారు. రాజమండ్రి అయినా, భీమవరం అయినా, అమలాపురం అయినా అదే తంతు. రికార్డులోకి ఎక్కించడం, వైవాలో అప్పజెప్పడం, సెమిస్టర్ అవ్వగానే మర్చిపోవడం. మాకైతే ఇది పెద్ద వేస్ట్ అనిపిస్తుంది.

ఎందుకంటే ఇప్పుడే దాంతో పని పడింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 ఉండాలంటుంది. ఇంట్లో అన్నయ్య వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ బాగానే ఉన్నా పాత సామాన్ల లెక్కలోకి వెళ్లిపోతుంది. దాంట్లో ఉబుంటునో, మింట్‌నో వేసుకోవచ్చు. వేయడం పెద్ద పనేం కాదు. తర్వాత దాన్ని చూసుకోవాల్సింది మాత్రం మీరే.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. వైఫై రాకపోతే యూట్యూబ్‌లో దొరికిన మొదటి లైన్ కాపీ చేసి ఎంటర్ కొట్టేస్తారు. లైన్ ముందు సుడో ఉందంటే ఇంటి తాళాలన్నీ ఇచ్చేసినట్టే. (పాస్‌వర్డ్ కొడుతుంటే స్క్రీన్ మీద ఏమీ కనిపించకపోవచ్చు. కీబోర్డ్ పాడవలేదు, అది అంతే.) ఆర్‌ఎమ్‌తో తీసేసిన ఫైల్ ట్రాష్‌లో కూడా దొరకదు. పర్మిషన్ ఎర్రర్ వస్తే సీహెచ్‌మాడ్ 777 కొట్టమనే సలహా ఇంకా దారుణం. తాళం పట్టలేదని తలుపే పీకేసినట్టు!

కొట్టేముందు మ్యాన్ అని టైప్ చేసి, పక్కన ఆ కమాండ్ పేరు పెట్టి చూడండి. అది ఏం చేస్తుందో అక్కడే ఉంటుంది. స్టోరేజ్ నిండిందా అని చూడ్డానికి డీఎఫ్ హైఫన్ హెచ్ చాలు. కరెంట్ పోయి సిస్టమ్ ఠక్కున ఆగిపోయిందా? జర్నల్‌సీటీఎల్ హైఫన్ బీ హైఫన్ 1 కొడితే కిందటిసారి ఆన్‌లో ఉన్నప్పటి లాగ్ కనిపిస్తుంది. ఏపీటీ అప్‌డేట్ కొడితే ప్యాకేజీల లిస్ట్ మాత్రమే కొత్తదవుతుంది, ప్యాకేజీలు కొత్తవి కావాలంటే అప్‌గ్రేడ్ కూడా కొట్టాలి.

ల్యాప్‌టాప్ లేదా? ఆండ్రాయిడ్ నడిచేదే లైనక్స్ కెర్నల్ మీద. ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ వేసుకోండి, రూట్ అక్కర్లేదు. రూట్ లేదు కాబట్టి ఫోన్ సిస్టమ్‌ని పాడుచేసే భయమూ ఉండదు. స్టోరేజ్ పర్మిషన్ ఇచ్చారంటే మాత్రం ఆర్‌ఎమ్ మీ ఫొటోల్ని కూడా లేపేయగలదు.