నోటిమాట కౌలు ఇక చాలు

ఈ సంచికలో కవితలూ జ్ఞాపకాలూ చాలా ఉంటాయి. మేము మాత్రం డబ్బు గురించి, బాధ్యత గురించి నాలుగు మాటలు రాయదలచుకున్నాం.

మన హాస్టళ్లలో ఉండి ఎంసీఏ, ఎమ్మెస్సీ కంప్యూటర్స్ దాకా వచ్చినవాళ్లం కొందరం ఉద్యోగం కోసం ఎదురుచూడకుండా సొంతంగా ప్రోగ్రామింగ్ పనులు పట్టుకుంటున్నాం. కడియంలో నర్సరీకి వెబ్‌సైటు, రాజమండ్రిలో బట్టల కొట్టుకు బిల్లుల సాఫ్ట్‌వేరు, తణుకు వైపు రైసుమిల్లుకు స్టాకు లెక్కలు. పని వచ్చింది. రేటు చెప్పడం మాత్రం రాలేదు. "మీకు తోచింది ఇవ్వండి సార్" అంటున్నాం. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన మనకు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

మన ఊళ్ల నుంచే వచ్చింది. డెల్టాలో కౌలు ఎకరాకు ఇన్ని బస్తాలని నోటిమాట మీద నడుస్తుంది. చేను మునిగినా బస్తాలు కొలవాల్సిందే. కాగితం లేనివాడికి బ్యాంకు అప్పూ కష్టమే, పంట నష్టపరిహారమూ కష్టమే. సాగుదారులకు కార్డులిచ్చేందుకు 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. 2019 చట్టంలో కార్డుకు భూయజమాని సంతకం కావాలన్నారు. ఆ సంతకం దగ్గరే చాలామంది ఆగిపోయారు.

అదే 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఆ ఏడు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. ఆ ధరకు పెట్టుబడి కూడా రాదని లెక్క వేసి మరీ నాగలి దించారు. గిట్టుబాటు లెక్క తెలిసిన జిల్లా మనది. ఆ లెక్క కంప్యూటరు ముందు కూర్చోగానే మరిచిపోవడం ఎందుకు?

ఉదాహరణకు ఇలా వేసి చూద్దాం. తిండి, గది అద్దె, ఇంటికి పంపేది కలిపి నెలకు 15,000. 48,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ నాలుగేళ్లు పనిచేస్తే నెలకు 1,000. కరెంటు, ఇంటర్నెట్ 1,500. పని లేని నెలకూ జ్వరం వచ్చిన వారానికీ దాచేది 2,500. మొత్తం 20,000. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు అంటే 200 గంటలు. కానీ పని వెతుక్కోవడానికి, మాట్లాడడానికి, నేర్చుకోవడానికి సగం పోతుంది. డబ్బు వచ్చేవి 100 గంటలే. అంటే గంటకు 200 అన్నది మన పెట్టుబడి ధర. అంతకు తగ్గితే అది మన జేబులోంచి పోయినట్టే. తప్పుల సవరణకు, పన్నుకు కొంత కలిపి 300 అనుకుంటే, 40 గంటల పనికి 12,000 అడగాలి. మనం 3,000కు ఒప్పుకుంటే మనతో ఆగదు. రేపు వచ్చే తమ్ముడికి కూడా అదే రేటు అవుతుంది.

ఇక బాధ్యత సంగతి. బిల్లుల సాఫ్ట్‌వేరు పండుగ ముందు ఆగిపోతే కొట్టు యజమానికి పోయిన బేరమంతా మనమే కట్టాలా? 1854లో ఇంగ్లండులో ఇలాంటి తగాదాయే వచ్చింది. గ్లౌస్టర్‌లో ఒక పిండిమిల్లు ఇరుసు విరిగింది. కొత్తదానికి నమూనాగా దాన్ని పంపితే రవాణావాళ్లు ఆలస్యం చేశారు. మిల్లు ఆగిన రోజుల లాభం కట్టమని యజమాని దావా వేశాడు. ఇరుసు లేకపోతే మిల్లే నడవదన్న సంగతి రవాణావాళ్లకు ముందుగా తెలియజేయలేదు కనుక ఆ లాభం వాళ్ల మీద వేయకూడదని కోర్టు తేల్చింది. మన 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షనులోనూ ఇదే సూత్రం. సహజంగా కలిగే నష్టానికి, ఒప్పందం నాడే ఇద్దరికీ తెలిసిన నష్టానికి బాధ్యత ఉంటుంది. దూరపు నష్టానికి ఉండదు. కాబట్టి "సంక్రాంతి లోపు ఇవ్వకపోతే మాకు రెండు లక్షలు పోతాయి" అని ముందే చెబితే అది తెలిసిన నష్టం అవుతుంది. అప్పుడు మన బాధ్యత తీసుకున్న ప్రతిఫలానికి మించదని కాగితం మీద రాసుకోవాలి. మోసం చేసినవాణ్ని ఏ కాగితమూ కాపాడదు. కాపాడకూడదు కూడా.

ఇంకో రెండు సంగతులు. 1957 కాపీరైటు చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాముకు సాహిత్య రచన హోదా ఉంది. మనం ఎవరి దగ్గరా ఉద్యోగులం కాకపోతే దాని మీద మొదటి హక్కు మనదే. బదిలీ చేయాలంటే రాతపూర్వకంగానే చేయాలి. పూర్తి సొమ్ము ముట్టిన రోజునే హక్కు బదిలీ అని రాస్తే బాకీ నిలవదు. రెండోది, పనికి ఒప్పుకునే ముందే చిన్న సంస్థగా ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దానికి రుసుము లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందం ఉన్నా సరే, చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ.

కాగితం అడిగితే పని పోతుందని మాలోనే కొందరి భయం. కొన్ని పనులు పోతాయి, నిజమే. ముందు సంతకానికే వెనకాడినవాడు తర్వాత సొమ్ము ఇచ్చేటప్పుడు వెనకాడడా? పొలమూ పుట్రా ఉన్నవాడు ఒక నష్టాన్ని తట్టుకుంటాడు. మనకు ఒక్క నష్టం అంటే అమ్మానాన్నల ఆరు నెలల కూలి.

అందుకే ఒక విన్నపం. మన పూర్వ విద్యార్థుల్లో న్యాయవాదులున్నారు, ఆడిటర్ల దగ్గర పనిచేసేవాళ్లూ ఉన్నారు. పని వివరం, రేటు, అడ్వాన్సు, గడువు, బాధ్యత హద్దు, హక్కుల బదిలీ — ఈ ఆరూ ఉన్న ఒక్క పేజీ ఒప్పంద పత్రం తెలుగులో తయారు చేసి హాస్టల్ గ్రంథాలయంలో ఉంచండి. వచ్చే వార్షికోత్సవానికి ఆ కాగితం మీద పని పట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పత్రికలో తమ లెక్కలు రాయాలని మా కోరిక.