సెల్లార్‌లో సినిమా హాలు

గాంధీనగర్ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో ముప్ఫై ఏళ్లు ఫిల్మ్ పెట్టెలు లెక్కపెట్టిన మా బాబాయికి ఒక్కటే కోరిక: సొంత హాలు! పీఎఫ్ డబ్బంతా పోసి సింగ్‌నగర్‌లో ఇంటి సెల్లార్‌ని హాలుగా మార్చేశాడు. గోడలకి మెత్తలు, ఎర్ర తివాచీ, పన్నెండు సోఫా కుర్చీలు. ప్రారంభ చిత్రం 1957 నాటి 'మాయాబజార్'. ఇంటర్వెల్‌లో పిన్ని పునుగులు!

"ఇది డెల్టా బాబాయ్, పల్లం చూస్తే నీళ్లాగవు" అన్నాను.

"మోటారుందిలేరా!" అన్నాడు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. గండ్లు పడ్డ బుడమేరు ఊరి మీద పడింది. కరెంటు పోయింది. ఇక మోటారు ఏం తోడుతుంది? రోజుల తరబడి వాళ్లు మేడ మీదే. నీళ్లు తీశాక చూస్తే కుర్చీల నిండా బురద. బాబాయి ఏమీ మాట్లాడలేదు. తెర ఒక్కటీ విప్పి, కడిగి, దండెం మీద ఆరేశాడు.

ఇప్పుడా తెర డాబా మీదుంది. చాపలేసుకుని వీధంతా చూస్తోంది. వానొస్తే షో క్యాన్సిల్, అంతే!

సెల్లార్‌కి సోకులు చేయించబోయే పాఠకులారా, సోఫాల బేరం తర్వాత. ముందు నీళ్లు ఎటునించి వస్తాయో, కరెంటు లేనప్పుడు ఎటు పోతాయో మేస్త్రీని అడగండి. బుడమేరు టిక్కెట్టు కొనుక్కుని రాదు సుమండీ!